అరచెయ్యి కనపడని నీళ్ళు

అక్వేరియం స్టాండు కింద, గోడవైపు మూలన, నాలుగు మడతలు పెట్టి దాచిన పాలిథీన్ పొట్లం ఛాయాదేవి చేతికి దొరికి ఇవాళ్టికి మూడు రోజులు. పొట్లంలో బూడిదరంగు గుళికలున్నాయి. హాల్లో ఉన్న నాలుగడుగుల అక్వేరియం నెలరోజులుగా ఎన్నిసార్లు నీళ్ళు మార్చినా పచ్చబడిపోతోంది. కూతురు సంయుక్త పేర్లు పెట్టి పెంచుకుంటున్న చేపల్లో మూడు, తెల్లారేసరికి చచ్చి తేలాయి. అన్నిటికీ ఆ పొట్లమే కారణమని ఛాయాదేవి తేల్చేసుకుంది. దాన్ని అక్కడ పెట్టింది తొమ్మిదేళ్ళుగా ఇంట్లో పనిచేస్తున్న మాణిక్యమేనని కూడా తేల్చేసుకుంది. స్టాండు కింద చీపురు పెట్టేది ఆ మనిషి ఒక్కతే మరి. నిన్న సాయంత్రం భర్త దుర్గాప్రసాద్‌కి ఫోన్ చేసి, పొట్లం సంగతంతా చెప్పి, మాణిక్యాన్ని మాన్పించేస్తానంది. ఆయనకి హనుమాన్ జంక్షన్‌లో చేపల మేత దుకాణం. ఆయన అవుననీ కాదనీ తేల్చకుండా "నీ ఇష్టం" అని పెట్టేశాడు.

చేపలకి విషం పెట్టిన చెయ్యి రేపు మనుషులకి పెట్టదని ఏమిటి నమ్మకం? ఈ ఆలోచన వచ్చిన దగ్గర్నించీ ఛాయాదేవికి ముద్ద దిగడం లేదు. మంగళవారం సాయంత్రమే బిందెలో నీళ్ళు పారబోసింది. పప్పుల డబ్బాలన్నీ ఒక్కొక్కటీ తీసి వాసన చూసింది. పాలు కాచి, ముందు తనొక గుక్క తాగి, గోడగడియారం వంక పావుగంట చూసి, తనకేమీ కాలేదని రూఢి చేసుకున్నాక కూతురికిచ్చింది. ఆ పావుగంటలో పాలు చల్లారిపోయాయని సంయుక్త విసుక్కుంది. ఇంటర్ రెండో సంవత్సరం చదువుతున్న పిల్ల. పొద్దున్న ఏడింటికి వెళ్తే సాయంత్రం ఏడింటికి వస్తుంది. వచ్చాక ఆ చేపల ముందు కూర్చున్న పది నిమిషాలే దాని ముఖంలో కాస్త కళ. అలాంటి పిల్లకి పొద్దున్నే చచ్చిన చేపని చూపించడమంటే మాటలా?

అయితే మాన్పించేముందు రుజువు కావాలి. అందుకే శుక్రవారం పదకొండింటికి లాజరుని పిలిపించింది. పటమటలో రంగుచేపల దుకాణం అతనిది. ఈ అక్వేరియం అమర్చింది కూడా అతనే.

లాజరు మూత తీసి, నీళ్ళ వాసన చూసి, గాజుకి పట్టిన పాచిని గోటితో గీకాడు.

"లైటు ఎన్ని గంటలేస్తున్నారమ్మా?"

"ఆరు గంటలే. గడియారం చూసి ఆర్పేస్తున్నాను."

"మేత?"

"రోజుకొక్కసారి. రెండు నిమిషాల్లో తినేసేంత. మిగిలితే వలతో తీసేస్తున్నాను."

"నీళ్ళు ఎట్లా మారుస్తున్నారు?"

"నువ్వు చెప్పినట్టే. వారానికి పావువంతు తీసేసి, కుళాయి నీళ్ళు బకెట్లో పట్టి ఒకరోజంతా మూతలేకుండా ఉంచి పోస్తున్నాను. స్పాంజి కూడా కుళాయి కింద కడగలేదు, తీసిన నీళ్ళలోనే పిండాను." ఛాయాదేవి పరీక్ష రాస్తున్నదానిలా గుక్క తిప్పుకోకుండా చెప్పింది. పదో తరగతి తప్పినప్పటి నించీ ఎవరు ప్రశ్నలడిగినా ఆవిడకి అరచేతుల్లో చెమట పడుతుంది.

"అన్నీ సరిగ్గానే చేస్తున్నారే" అని లాజరు తలగోక్కున్నాడు. సంచిలోంచి చిన్న పెట్టె తీశాడు. గాజు గొట్టంలో అక్వేరియం నీళ్ళు పట్టి, ఒక సీసాలోవి ఆరు చుక్కలు, ఇంకో సీసాలోవి ఆరు చుక్కలు వేసి ఊపాడు. నీళ్ళు లేత నీలం అయ్యాయి. చూస్తూండగానే ఇంకు పోసినట్టు ముదిరిపోయాయి.

"ఇంత నీలం నా దుకాణంలో ఎప్పుడూ చూళ్ళేదమ్మా."

"అంటే విషమేగా?"

"విషం కాదమ్మా. ఫాస్ఫేటు. నాచుకి అది బలం. లైటు తగ్గించారు, మేత తగ్గించారు, అయినా నాచు ఇట్లా పెరుగుతోందంటే ఎవరో బయటనించి దానికి తిండి పెడుతున్నట్టే."

'ఎవరో బయటనించి' అన్న రెండు మాటలే ఛాయాదేవి చెవిలో పడ్డాయి.

"విషం కాకపోతే చేపలెందుకు చచ్చాయి?"

"నాచు పగలు గాలి వదులుద్దమ్మా. చీకటి పడ్డాక అదే పీల్చుకుంటది. నీళ్ళు చిక్కగా ఉంటే తెల్లారుజామున చేపలకి చాలదు. పొద్దున్నే అన్నీ పైకొచ్చి నోళ్ళు తెరుస్తున్నాయా?"

"తెరుస్తున్నాయి. ఆకలేమో అనుకున్నాను."

అక్వేరియం పక్కనే కుర్చీలో కూర్చుని పేపరు చదువుతున్న మామగారు వెంకటకృష్ణారావు తలెత్తాడు. డెబ్బై తొమ్మిదేళ్ళ మనిషి. కైకలూరు అవతల ముప్పై ఏళ్ళు చేపల చెరువులు చేసి, మోకాళ్ళు పట్టేశాక రెండేళ్ళ కిందట ఈ మూడో అంతస్తు ఫ్లాటుకి వచ్చాడు. చేతికర్ర లేకుండా నాలుగడుగులు వెయ్యలేడు. లిఫ్టంటే పడదు. గడప దాటి ఆరు నెలలైంది.

"నీళ్ళు తీసెయ్యొద్దని చెప్పు అమ్మాయ్" అన్నాడాయన. "పట్టిన రంగు పోద్ది."

"అలాగే మామయ్యగారూ" అంది ఛాయాదేవి, వినీ విననట్టు. ఈ మధ్య ఆయన మాటలకి తలా తోకా ఉండటం లేదు. మొన్న పెసరట్టు తింటూ "సూపర్ చాల్లేదు" అన్నాడు. ఆ వయసులో కుర్రాళ్ళ మాటలు నేర్చాడేమో అనుకుని, మర్నాడు అల్లం రెండింతలు వేసింది. ఆయన దగ్గి దగ్గి అట్టు వదిలేశాడు.

ఛాయాదేవి బీరువాలోంచి పొట్లం తెచ్చి లాజరు చేతిలో పెట్టింది. "ఇది చూడు. మీ దుకాణాల్లో అమ్ముతారా?"

లాజరు రెండు గుళికలు తీసి వేళ్ళ మధ్య నలిపాడు. "మేం ఇట్లాంటివి అమ్మమమ్మా. ఇదేంటో నాక్కూడా..."

"అది సూపరండి" అని వంటింటి గుమ్మంలోంచి వినపడింది.

మాణిక్యం తడిచేతులు పమిటకి తుడుచుకుంటూ నిలబడి ఉంది.

"ఏమన్నావు?" అంది ఛాయాదేవి.

"సూపరండి. ఎరువు. నాట్లకి ముందు దమ్ములో చల్లుతారు. సూపర్ ఫాస్ఫేటో ఏదో పెద్దపేరు ఉంటది, రైతులందరూ సూపరనే అంటారు."

"నీకెలా తెలుసు?"

"పెళ్ళయ్యేదాకా పొలం పని చేసినదాన్ని. నాకు తెలవకపోతే మీకు తెలుసుద్దా?"

ఆ మాట నిజమే. చల్లపల్లిలో ఛాయాదేవి నాన్నది బట్టలకొట్టు. పుట్టింట్లో ఉండగా పొలంగట్టు మీద కాలు పెట్టి ఎరగదు. కానీ ఆ క్షణంలో ఆవిడకి నిజం ఎక్కడ పడుతుంది? ఎవరికీ తెలియని వస్తువు పేరు దీనికి తెలుసు. దాచినవాళ్ళకి కాక ఇంకెవరికి తెలుస్తుంది?

గొడవ రాబోతోందని లాజరుకి అర్థమైంది. అక్వేరియానికి మూడు రోజులు మందపాటి దుప్పటి కప్పి వెలుతురు తగలనివ్వొద్దనీ, గాలి మోటారు మాత్రం ఆపొద్దనీ, నాలుగో రోజు మూడోవంతు నీళ్ళు మార్చమనీ చెప్పి సంచి సర్దుకున్నాడు. "ఎవరు వేశారో తెలవకుండా దుప్పటి కప్పినా లాభం లేదమ్మా" అని మాణిక్యం వైపు చూడకుండా చెప్పి వెళ్ళిపోయాడు. అతను వెళ్ళాక వెంకటకృష్ణారావు కూడా కర్ర పట్టుకుని లేచాడు. పొట్లం వైపు ఒకసారి చూశాడు. ఆకలిగా ఉన్న మనిషి కంచం వైపు చూసినట్టు ఉంది ఆ చూపు. తర్వాత తన గదిలోకి వెళ్ళాడు.

మాణిక్యమే ముందు మాట్లాడింది.

"అడగండమ్మగారూ. మూడు రోజులనించి కడుపులో పెట్టుకుని తిరుగుతున్నారుగా."

"నేనేం పెట్టుకోలేదు."

"నేను తోమిన గిన్నెలు మళ్ళీ తోముకుంటున్నారు. కాఫీ కలిపి తెస్తే, నువ్వొక గుక్క తాగి ఇవ్వు అంటున్నారు. మీ కాఫీలో మూడు చెంచాల పంచదార. నాకు షుగరని మీకు తెలుసు. మీ అనుమానం తీరేలోపు నేను పోతాను."

ఇంకో రోజైతే ఛాయాదేవికి నవ్వొచ్చేది.

"ఈ తొట్టి ఎప్పుడు వదులుద్దో అని నువ్వనలేదా పోయిన నెల? కింద నీళ్ళు తుడవలేక చస్తున్నానని?"

"అన్నానండి. మా ఆయన్ని కూడా అదే మాట పాతికేళ్ళుగా అంటన్నాను. ఆయనకేం పెట్టాను? పొద్దున్న కూడా రెండు చెంబుల గంజి తాగి పోయాడు."

"మాటలు తిప్పకు. స్టాండు కింద ఊడ్చేది నువ్వు. ఎరువు పేరు తెలిసింది నీకు. ఇంట్లో ఇంకెవరున్నారు?"

మాణిక్యం వంటింట్లోకెళ్ళి కుళాయి కట్టేసి వచ్చింది. ఈసారి గొంతులో వెటకారం లేదు.

"మీరు మానమంటే మానేస్తానండి. ఒక్క ఇల్లు పోతే ఇంకో ఇల్లు. కానీ మీరు ఊరికే మాన్పించరుగా. లిఫ్టు కాడ నిలబడి చెబుతారు. ఈ అపార్టుమెంట్లోనే నాకు ఇంకా మూడిళ్ళు. పైన పసిబిడ్డకి నీళ్ళు పోసేది నేనే. చేపలకి మందు పెట్టిందంట అని ఒక్క మాట పైకెళ్తే, ఆ బిడ్డని మళ్ళీ నా చేతుల్లో పెడతారా? ఎరువో విషమో వాళ్ళు అడగరు. సాయంత్రానికి నా పేరు పోద్ది. పేరు పోయాక ఏ ఊళ్ళో గిన్నెలు తోముకోను?"

ఛాయాదేవి చూపు తిప్పుకుంది. నిజానికి ఎదురు ఫ్లాటావిడకి సగం చెప్పేసింది పొద్దున్నే.

"నాకొక్కటి చేసి పెట్టండి" అంది మాణిక్యం. "మీరు రోజూ పన్నెండుంబావుకి పాపకి క్యారేజీ పట్టుకుని పోతారు. రెండైతే గాని రారు. నేను పన్నెండింటికే పైకి పోతాను. ఆ రెండు గంటలూ ఇంట్లో ఎవరుంటారండి?"

"మామయ్యగారు."

"ఇంకా?"

"ఇంకెవరుంటారు?"

అంది గానీ ఛాయాదేవి చూపు వీధి తలుపు మీదికి పోయింది. ఇన్ని రోజులూ మాణిక్యం మీదే చూపు నిలిపి, తలుపు సంగతి ఆలోచించనే లేదు. ముసలాయన ఒక్కడూ ఉండే ఇల్లు. ఎవరైనా వచ్చి పోతున్నారా? ఏ దొంగో, ఏ పిచ్చివాడో, సంయుక్త వెంటపడే ఏ వెధవో? ఆదివారాలు ఆ పిల్ల హాల్లో సోఫాలోనే పడుకుని చదువుకుంటుందే.

"ఇవాళ మీరు వెళ్ళకండి. నన్నూ పంపకండి. ఇద్దరం పాప గదిలో కూర్చుందాం. నేను మీ కళ్ళ ముందే ఉంటాను. ఏమీ జరక్కపోతే, మీరు మానమనక్కర్లేదు, నేనే మానేస్తాను."

ఛాయాదేవికి క్యారేజీ మానడమంటే చిన్న సంగతి కాదు. రెండేళ్ళలో ఒక్కరోజు మానలేదు. కాలేజీ క్యాంటీనులో మళ్ళీ మళ్ళీ కాచిన నూనె, అందులో బజ్జీలు, వాటిమీద ఈగలు, పిల్లకి పచ్చకామెర్లు, పరీక్షలు పోవడం, ఇదంతా అరనిమిషంలో ఆవిడ కళ్ళ ముందు జరిగిపోయింది. చివరికి రోజూ తీసుకెళ్ళే ఆటో అతని చేతికి క్యారేజీ ఇచ్చి, వాచ్‌మన్‌కి కాకుండా నేరుగా ఆఫీసులో ఇమ్మని మూడుసార్లు చెప్పి పంపింది.

ఆటో కదిలిందో లేదో ఫోన్ మోగింది. దుర్గాప్రసాద్.

"బయల్దేరావా?"

వారంలో రెండుసార్లయినా ఆయన ఆ వేళకి అలా ఫోన్ చేసి అడుగుతాడు. ఎండలో జాగ్రత్త అంటాడు. ఇరవై ఏళ్ళ కాపురంలో ఇంతకంటే ముద్దు మాట ఆయన నోట్లోంచి రాలేదని ఛాయాదేవి మురిసిపోతూ ఉంటుంది. పక్కనే ఉన్న మాణిక్యం వద్దన్నట్టు చెయ్యి ఊపింది.

"ఆఁ, ఇదిగో, చెప్పులేసుకుంటున్నాను" అంది ఛాయాదేవి. భర్తతో అబద్ధం ఆడటం ఆవిడకి చేతకాదు. "మీరెక్కడున్నారు?"

"దుకాణంలోనే. మేత లోడు దిగుతోంది. ఎండలో జాగ్రత్త."

మాణిక్యం గుమ్మం బయట ఉన్న రెండు జతల చెప్పులూ లోపలికి తెచ్చి మంచం కిందకి తోసింది. చెప్పులు లేకపోతే మనుషులు లేనట్టే. ఛాయాదేవి మామగారికి వినపడేలా "వెళ్ళొస్తానండీ" అని కేకేసి, వీధి తలుపు ధడాలున వేసి, లోపలినించి గడియ పెట్టింది. ఇద్దరూ సంయుక్త గదిలో దూరి, తలుపు బెత్తెడు సందు ఉంచారు.

మంచం నిండా ఫిజిక్స్ పుస్తకాలు. ఫ్యాను వేస్తే చప్పుడు వినపడుతుందని వెయ్యలేదు. చెమటలు కారుతున్నాయి.

"మీరు ఊపిరి పీల్చే చప్పుడు పక్క అపార్టుమెంటుకి వినపడుద్ది" అని గుసగుసలాడింది మాణిక్యం.

"నోరు ముయ్యి."

"మూశానండి."

పది నిమిషాలు గడిచాయి. కర్ర చప్పుడు వినపడింది. వెంకటకృష్ణారావు తన గదిలోంచి వచ్చాడు. హాలు మధ్యలో ఆగి, తల కొంచెం వంచి, ఎవరైనా ఉన్నారేమోనని చెవిపెట్టి విన్నాడు. అప్పుడు ఆయన నడకే మారిపోయింది. కర్ర సోఫాకి ఆనించి, అక్వేరియం స్టాండు పట్టుకుని నిలబడ్డాడు. కుడిచేతి చొక్కా మడతలు మడతలుగా మోచేతిపైకి మడిచాడు. గాజు మూత జరిపి, అరచెయ్యి పైకి పెట్టి, చేతిని నెమ్మదిగా నీళ్ళలోకి దించాడు. మోచెయ్యి మునిగేదాకా దించి ఆపాడు. ఒక కన్ను మూసి, పైనించి నీళ్ళలోకి చూశాడు.

"కనపడుతోంది" అన్నాడు తనలో తను. "ఇంకా కనపడుతోంది."

ఛాయాదేవి తలుపు పట్టుకుంది. ఈ దృశ్యం తను ఇదివరకు చూసింది. పెళ్ళైన కొత్తలో, ఒకే ఒక్కసారి, కైకలూరు అవతల గట్టు మీద. అప్పుడాయన పడవ అంచున వంగి ఇలాగే చెయ్యి ముంచాడు. ఏం చేస్తున్నారని తనడిగితే దుర్గాప్రసాద్ నవ్వి చెప్పాడు. చేపపిల్ల వదిలేముందు చెరువులో నీళ్ళకి పచ్చ రంగు కట్టాలి. మోచేతిదాకా ముంచితే అరచెయ్యి కనపడకూడదు. కనపడితే అవి వట్టి నీళ్ళు, పిల్లకి అందులో తిండి లేనట్టు. ఇంకాస్త సూపర్ చల్లాలి.

సూపర్. పెసరట్టు ముందు కూర్చుని ఆయన అడిగింది అదా?

చెయ్యి బయటికి తీసి, చొక్కాకే తుడుచుకుని, వెంకటకృష్ణారావు అవస్థపడుతూ స్టాండు పక్కన వంగాడు. గోడవైపు మూలలో తడిమాడు. మళ్ళీ తడిమాడు. ఆయన ముఖం చిన్నపిల్లాడి ముఖంలా అయిపోయింది.

"పొట్లం ఎవరు తీశారర్రా? రేపు పిల్ల దిగుద్దే."

మాణిక్యం గెలిచినట్టు చూడలేదు. పమిట కొంగు సర్దుకుని, ఛాయాదేవికి దారి ఇచ్చి పక్కకి జరిగింది. ఆ పక్కకి జరగడమే ఛాయాదేవికి చెంపదెబ్బలా తగిలింది. ఎదురు ఫ్లాటావిడతో అన్న మాటలు ఇప్పుడు ఎలా వెనక్కి తీసుకోవాలి?

"మాణిక్యం..."

"తర్వాత అందురు గానీ, ముందు పెద్దయ్యగారిని లేపండి. మోకాళ్ళ మీద కూర్చున్నారు."

ఇద్దరూ వెళ్ళి ఆయన్ని చెరో చెయ్యీ పట్టి లేపి కుర్చీలో కూర్చోబెట్టారు. ఆయనేమీ ఉలిక్కిపడలేదు. వాళ్ళు ఎప్పటినించో అక్కడే ఉన్నట్టు చూశాడు.

"ఏం చేస్తున్నారు మామయ్యగారూ?" అని ఛాయాదేవి మెల్లగా అడిగింది.

"రంగు కడుతున్నానమ్మాయ్. ఎన్నిసార్లు కట్టినా ఎవరో నీళ్ళు తోడేస్తున్నారు. నీ మొగుడికి చెప్పు, తూములో రాయి పెట్టించమను."

"ఇది చెరువు కాదండీ. సంయుక్త అక్వేరియం."

"అదే" అన్నాడాయన ఓపిగ్గా. "రంగు కట్టేటప్పుడు నలుగురికీ చెప్పకూడదు. దిష్టి తగులుద్ది. అందుకే నువ్వు వెళ్ళాక వేస్తాను."

ఛాయాదేవి ఆయన పాదాల దగ్గర నేలమీద కూలబడింది. ఆవిడ జీవితమంతా భయాలే. పిల్ల దగ్గితే క్షయ, భర్త ఆలస్యమైతే యాక్సిడెంటు, గ్యాసు వాసనొస్తే ఇల్లు తగలబడటం. అన్ని భయాలూ పడ్డ మనిషికి, రోజూ మూడుపూటలా అన్నం పెడుతున్న ముసలాయన మనసు ఇలా జారిపోతోందేమోనన్న భయం మాత్రం ఒక్కరోజూ తట్టలేదు. ఆయన చేతిమీద తెల్లవెంట్రుకల మధ్య పచ్చటి నాచు పోగు ఒకటి అంటుకుని ఉంది. కొంగుతో తుడిచింది.

మాణిక్యం మాత్రం కుర్చీ పక్కనే నిలబడి ఆలోచిస్తోంది.

"అమ్మగారూ, పెద్దయ్యగారు కిందకి దిగి ఎన్నాళ్ళైంది?"

"ఆరు నెలలు."

"మరి ఆ పొట్లం నడుచుకుంటూ వచ్చిందా?"

ఛాయాదేవి చేతిలో కొంగు ఆగిపోయింది.

"మామయ్యగారూ, సూపర్ మీకెవరు తెచ్చారు?"

"ఇంకెవరు, మన శౌరయ్య."

ఛాయాదేవి నేలమీదనించి లేచి నిలబడింది. శౌరయ్య చెరువు కాపలా మనిషి. పాతికేళ్ళు గట్టు మీద గుడిసెలోనే బతికాడు. మూడేళ్ళ కిందట జబ్బు చేసి పోయాడు. ఊరవతల సమాధుల దొడ్డిలో పెట్టెమీద మట్టి వేసినవాళ్ళలో ఈ మామగారూ ఉన్నాడు, తనూ ఉంది.

"శౌరయ్య లేడు కదండీ."

"లేకపోవడమేంటి? మొన్న మంగళవారం వచ్చాడు. ప్రతి మంగళవారం, శుక్రవారం వస్తాడు. వచ్చి ఇక్కడ కూర్చుంటాడు. చెరువు కబుర్లన్నీ చెబుతాడు. కొంగలు ఎక్కువయ్యాయంట. రాత్రి కాపలాకి ఇంకో మనిషి కావాలన్నాడు."

ఛాయాదేవి మాణిక్యం వైపు తిరిగింది. అడగకూడదనుకుంటూనే, "చనిపోయినవాళ్ళు..." అని ఆగిపోయింది.

"చచ్చిపోయినోళ్ళు కళ్ళకి కనపడితే కనపడతారేమో గానీ, పొట్లాలు కట్టుకుని లిఫ్టు ఎక్కరు" అంది మాణిక్యం. "ఎవరో మనిషే వస్తున్నాడు. మీరు గడప దాటాక వస్తున్నాడు, మీరు వచ్చేలోపు పోతున్నాడు. మీ రాకపోకలు తెలిసినోడు."

"పెద్దాయన్ని మాయ చేసి సంతకాలు పెట్టించుకోడానికేమో. చెరువులు ఇంకా ఆయన పేరు మీదే ఉన్నాయి." ఛాయాదేవి ఫోన్ అందుకుంది. "పోలీసులకి చెబుదాం. మా ఆయనకి ఫోన్ చేస్తాను ముందు."

దుర్గాప్రసాద్ నంబరు నొక్కింది. మోగుతోంది గానీ ఎవరూ ఎత్తడం లేదు. లోడు దిగుతుంటే ఎక్కడ వినపడుతుంది ఫోను?

తలుపు మీద మూడు దెబ్బలు పడ్డాయి. గట్టిగా కాదు, అరచేత్తో తట్టినట్టు.

ముసలాయన ముఖం వెలిగిపోయింది. "వచ్చాడు. వాడు బెల్లు నొక్కడు, షాక్ కొడుద్దని భయం. తలుపు తియ్యండి, పాపం ఎండలో వచ్చాడు."

ఛాయాదేవి మాణిక్యం చెయ్యి పట్టుకుంది. మూడు రోజులుగా ఆ చెయ్యి ముట్టిన గ్లాసుని కూడా ముట్టని మనిషి, ఆ చెయ్యిని నొప్పెట్టేలా పట్టుకుంది. ఇద్దరూ పిల్లుల్లా తలుపు దగ్గరికి నడిచారు. ఛాయాదేవి మునివేళ్ళ మీద లేచి, తలుపుకున్న చిన్న అద్దంలోంచి బయటికి చూసింది.

ఎర్రగళ్ళ తువాలు తలకి చుట్టుకుని ఒక మనిషి నిలబడి ఉన్నాడు. ప్యాంటు మోకాళ్ళదాకా మడిచి ఉంది. కాళ్ళకి చెప్పుల్లేవు. చేతిలో చిన్న పాలిథీన్ పొట్లం. తల వంచుకుని ఉండటంతో ముఖం కనపడలేదు. లిఫ్టు వైపు ఒకసారి, మెట్ల వైపు ఒకసారి చూసి, అతను గొంతు సవరించుకున్నాడు.

"పెద్దాయనా" అని పిలిచాడు, నోట్లో చుట్ట ఉన్నవాడిలా ముద్దగా. "నేనేనయ్యా. శౌరయ్యని. సూపర్ తెచ్చా."

పిలిచి తలెత్తాడు. హనుమాన్ జంక్షన్‌లో మేత లోడు దింపిస్తూ ఉండాల్సిన దుర్గాప్రసాద్.

ఛాయాదేవి అద్దం మీదనించి కన్ను తీసెయ్యలేకపోయింది. తన భర్త ముఖంలో ఎప్పుడూ చూడని ముఖమొకటి అక్కడుంది. కళ్ళు ఉబ్బి ఉన్నాయి. పెదవులు మాత్రం నవ్వుకి సిద్ధంగా ఉన్నాయి.

"ఎవరండీ?" అని మాణిక్యం గుసగుసగా అడిగింది.

ఛాయాదేవి చెప్పాల్సిన అవసరం లేకపోయింది. బయటనించి మరోసారి "పెద్దాయనా" అని వినపడింది. ఈసారి చుట్ట నోట్లోంచి జారిపోయినట్టు గొంతు అసలు గొంతయింది. తొమ్మిదేళ్ళుగా ఆ గొంతుకి కాఫీ అందించిన మనిషి మాణిక్యం.

మాణిక్యం మెల్లగా తన చెయ్యి విడిపించుకుంది. ఛాయాదేవి వైపు చూడలేదు. హాల్లోకి నడిచి, ఈ ఇంట్లో పనికి చేరిన దగ్గర్నించీ ఒక్కసారైనా కూర్చోని సోఫాలో, తలుపుకి ఎదురుగా, వీపు ఆనించి కూర్చుంది. చేతులు ఒళ్ళో పెట్టుకుంది.

"తియ్యండమ్మగారూ" అంది. "నా పేరు పోతుంటే ఊరుకున్న శౌరయ్యని నేనూ ఒకసారి చూడాలి."

"వద్దు మాణిక్యం. ఒక్క నిమిషం ఉండు, నేను ముందు..."

వెనకనించి కర్ర చప్పుడు వచ్చింది. ముసలాయన ఎప్పుడు లేచాడో లేచాడు. ఛాయాదేవి భుజాన్ని ప్రేమగా పక్కకి జరిపి, "మనిషిని అంతసేపు బయట నిలబెట్టకూడదమ్మాయ్" అంటూ, తడి ఆరని చేత్తో గడియ లాగాడు.